హంపమ్మ రాయి, మా ఇంటి రైలు పట్టా

కరోనా సద్దుమణిగి బడులు మళ్ళీ తెరిచాక వచ్చిన రెండో ఎండాకాలం అది. బళ్ళారి కౌల్ బజారులో తాళ్ళు, గోనెసంచులు అమ్మే దుకాణం పైన నాకొక గది ఉంది. గోడలకు పాత బొంతలు కొట్టి, కిటికీకి రెండు వరసల చెక్క బిగించి దాన్ని రికార్డింగు గది చేసుకున్నాను. కింద సందులో ఆటోల హారన్లు, బేరాలు, దారి వదలని వాళ్ళ మీద తిట్లు. పైన నేను, నా మైకులు. డాక్యుమెంటరీ చిత్రాలకు శబ్దం పట్టడం నా వృత్తి. ఇరవై ఏళ్ళు దాటింది. సండూరు కొండల్లో ఎలుగుబంటి పుట్ట తవ్వి చెదలు పీల్చే చప్పుడు పట్టాను. యశ్వంతనగర్‌లో ఇనుపరాయి లారీలోకి జారే చప్పుడు పట్టాను. జీన్స్ బట్టలు ఉతికే యూనిట్లలో పెద్ద డ్రమ్ములు తిరిగే చప్పుడు పట్టాను. ప్రేక్షకుడు కంటితో చూసేది కెమెరా వాళ్ళ కష్టం. చెవితో నమ్మేది నా కష్టం.

మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. అది లేకుండా ఈ వ్యవహారం అర్థం కాదు. బళ్ళారికి గంట దూరంలో, ఆంధ్రా సరిహద్దు పక్కనున్న ఊళ్ళో మాది మేడిల్లు. ఊరికంతా మేడ ఉన్న ఇల్లు అదొక్కటే కాబట్టి మమ్మల్ని మేడింటి వాళ్ళు అనేవారు. భూమి సగం సీలింగు చట్టం కింద పోయింది, మిగిలిన సగం కోర్టు కేసుల్లో పోయింది. ఇల్లు రోడ్డు వెడల్పులో పోయింది. నేను మైకు పట్టిన రోజున మా మేనమామ "మేడింటి వాడు మైకుసెట్టు వాడయ్యాడు" అన్నాడు. అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఎవరి గడప దగ్గరా నిలబడి ఏదీ అడగను. చేతనైన పని చేస్తాను, చేసిన పనికి తలెత్తుకుంటాను. ఆ నియమం చాలా ఏళ్ళు నన్ను నిలబెట్టింది. ఒక్కసారి మాత్రం పని చెడగొట్టింది.

ఇల్లు కూలుస్తున్నప్పుడు నేను తెచ్చుకున్నది ఒక్కటే వస్తువు, మూరెడు రైలు పట్టా ముక్క. మా తాత ఒక పాత పట్టాను కొని సరిగ్గా సగానికి కోయించాడట. ఒక ముక్క మా వాకిట్లో వేలాడేది. పొద్దున్నే దాన్ని సుత్తితో కొడితే కూలీలు పనికి వచ్చేవారు. రెండో ముక్క ఏమయిందో నేను ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ ఎండాకాలం నందిని అనే దర్శకురాలు బెంగళూరు నుంచి వచ్చింది. మా సరిహద్దు కొండల మీద, వాటి పక్కన బతికే మనుషుల మీద ఆమె ఒక చిత్రం తీస్తోంది. తను చెప్పిన ఊరు మా ఊరే. నేను ఆ ఊరు తొక్కి ముప్పై ఏళ్ళయింది. ఊరి వెనక కొండ మీద ఒక నల్లరాయి ఉంది. కొడితే లోహంలా మోగుతుంది. తరతరాలుగా కొట్టిన చోట గిన్నెల్లాంటి గుంటలు పడ్డాయి. ఆ గుంటలు చాలా పాతవని, వేల ఏళ్ళ కిందటి మనుషులు కూడా దాన్ని మోగించి ఉంటారని పండితులు అంటారని నందిని చెప్పింది. ఇప్పటికీ దాన్ని మోగించేది ఒకే ఒక మనిషి, హంపమ్మ. అరవై దాటిన గొర్రెల కాపరి. సాయంత్రం కొండంతా చెదిరిన మందను పిలవడానికి రాయి మీద రెండు దెబ్బలు కొట్టి, ఆగి, మూడో దెబ్బ కొడుతుంది. గొర్రెలు వస్తాయి. వచ్చిన వాటికి కొంగులోంచి ఉప్పు పెడుతుంది.

నందిని చిత్రానికి ఆ రాయే ప్రాణం. హంపమ్మకు కూడా ఆ చిత్రం అవసరమే. మొదటి రోజే నాకు ఆ సంగతి తెలిసింది. ఆమె చెల్లెలి కొడుకు లింగప్ప మాతో పాటు కొండ ఎక్కాడు. ముప్పై ఏళ్ళ వాడు, నోరు ఊరుకోదు.

"సార్, ఈ రాయి కథ నమ్మొద్దండి. గొర్రెలు వచ్చేది రాయికి గాదు, ఉప్పుకు. పెద్దమ్మ చెంబు మీద కొట్టినా వస్తాయి."

"ఒరేయ్, నీకు మంద అప్పజెప్పేది నేను. నోరు మూసుకోని నడువు," అంది హంపమ్మ. తర్వాత నందిని వైపు తిరిగి, "చూడమ్మా, నా మోకాళ్ళు అయిపోయినాయి. ఇంగ మంద వీనిదే. వీడు దీన్ని కొట్టడంట. విజిలేస్తాడంట! మా యవ్వ కొట్టింది, మా యమ్మ కొట్టింది, నేను కొడ్తాండా. నా తర్వాత ఈడ కాకి వాల్తాది, అంతే. నువ్వు దీని గొంతు బాగా పట్టు తల్లీ. అదన్నా ఉంటాది," అంది.

పట్టాల్సింది నేను. బూమ్ అంటే పొడుగాటి కర్ర చివర బిగించిన మైకు. దానికి బొచ్చు తొడుగు వేసి గాలి రొద రాకుండా చూసుకున్నాను. హెడ్‌ఫోన్ పెట్టుకోగానే అసలు సమస్య వినిపించింది. కొండకు అవతలి వైపు కంకర మిషన్ నడుస్తోంది. చెవికి అది దూరపు రొదే. మైకుకు మాత్రం పక్కన కూర్చుని పళ్ళు నూరుతున్నట్టు ఉంటుంది.

"సార్, ఒక గంట ఆపమని వాళ్ళను అడుగుదామా?" అంది నందిని.

"ఎవరిది మిషను?" అని లింగప్పను అడిగాను.

"వీరేశప్పది సార్. మీకు తెల్సుంటాది. వాళ్ళ నాయన మీ ఇంట్లో బండి తోలేటోడు."

నాకు తెలుసు. వాళ్ళ నాన్న తోలిన బండిలో నేను పక్క ఊరి బడికి వెళ్ళాను. అతని కొడుకు ఆఫీసు ముందు నిలబడి అరగంట ఇవ్వమని అడగడం నా వల్ల కాదనిపించింది. "అవసరం లేదు. ఆ రొదను తర్వాత నేను తీసేస్తాను," అన్నాను. నందిని నా అనుభవం మీద నమ్మకంతో సరేనంది.

హంపమ్మ రాయి కొట్టింది. రెండు, ఆగి, ఒకటి. తుప్పల వెనక నుంచి, బండల సందుల నుంచి గొర్రెలు వచ్చేశాయి. కెమెరా అతను సంతోషంతో బొటనవేలు చూపించాడు. నేను ఇంకోసారి కొట్టమన్నాను.

"యాల?" అంది హంపమ్మ.

"మంచిగా రావడానికి. మేము రెండు మూడు సార్లు తీసుకుంటాం."

"పిలిస్తి, వచ్చినాయి. వచ్చినాక మల్లా పిలిస్తే ఏమనుకుంటాయి? రేపు నిజంగా పిలిస్తే నమ్మవు. రోజుకు ఒగసారే."

మా వృత్తిలో రెండోసారి ఇవ్వని మనిషి అరుదు. కలెక్టర్లు కూడా ఇచ్చారు. హంపమ్మ ఇవ్వలేదు. ఆ రోజు కొండ ఎక్కినందుకే ఆమె మోకాళ్ళు వాచాయి. మర్నాడు మాకు వేరే ఊళ్ళో పని. దిగి వచ్చేశాం.

కౌల్ బజారు గదిలో మూడు రోజులు కుస్తీ పట్టాను. కంప్యూటరులో మిషన్ రొదను కోసిన ప్రతిసారీ దాంతో పాటు రాయి మోత కూడా తెగిపోయేది. రెండింటి శ్రుతి అంత దగ్గరగా ఉంది. చివరికి మిగిలింది చెక్క మీద కొట్టినట్టు ఒక టక్కు.

అప్పుడు అలమరలో రైలు పట్టా కనిపించింది. డాక్యుమెంటరీలో ప్రతి శబ్దమూ అక్కడికక్కడ దొరకదు. అడుగుల చప్పుడు, ఆకుల గలగల, తలుపు కిర్రు లాంటివి గదిలో చేసి కలుపుతాం. దాన్ని ఫోలీ అంటారు. మా వాళ్ళెవరూ దాన్ని తప్పుగా చూడరు. పట్టాను తాడుతో వేలాడదీసి చిన్న సుత్తితో కొట్టాను. శ్రుతి దాదాపు కలిసింది. కొంచెం ప్రతిధ్వని వేశాను. హంపమ్మ చెయ్యి రాయిని తాకిన క్షణానికి సరిగ్గా అతికించాను. నిజం చెప్పాలంటే చాలా బాగా కుదిరింది. మా ఇంటి వస్తువు ఒకటి ఇన్నేళ్ళకు పనికొచ్చిందని గర్వపడ్డాను కూడా. నందినికి "శుభ్రం చేశాను" అని మాత్రం చెప్పాను.

ఎడిటింగులో మొదటిసారి ఒక వరసకు వచ్చిన చిత్రాన్ని రఫ్ కట్ అంటారు. అది సిద్ధం కాగానే ఊళ్ళో చూపిస్తానని నందిని మాట ఇచ్చింది. రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఊరి బళ్ళో ఏర్పాటు చేశాం. వేసవి సెలవుల్లో కూడా పిల్లలకు మధ్యాహ్నం భోజనం పెడుతున్నారు కాబట్టి వాళ్ళంతా అక్కడే ఉన్నారు. కిటికీలకు గోనెపట్టాలు కట్టి, గోడ మీద బొమ్మ వేశాం. ముందు పిల్లలు, వెనక పెద్దలు. హంపమ్మకు హెడ్‌మాస్టరు తన కుర్చీ ఇచ్చాడు. ఆమె పెళ్ళికి వచ్చినట్టు ఉతికిన చీర కట్టుకుని వచ్చింది.

కొండ వచ్చింది. గొర్రెలు వచ్చాయి. పిల్లలు తమ ఊరి మనుషుల్ని గుర్తుపట్టి కేకలు పెట్టారు. హంపమ్మ చెయ్యి పైకి లేచింది. నా శబ్దం గదంతా నిండింది.

ముందు వరసలో ఒక పాప లేచి, అన్నం పళ్ళెం ఉన్న సంచి భుజానికి తగిలించుకుంది. ఆ పాపను చూసి పక్కవాడు లేచాడు. క్షణంలో వరసలన్నీ లేచి తలుపు వైపు కదిలాయి.

"బెల్లయ్యిందిరోయ్!"

"ఏయ్, కూసోండి! ఎవురు కొట్టింది బెల్లు?" అని హెడ్‌మాస్టరు అరిచాడు.

"సినిమాలో కొట్న్యారు సార్!"

పెద్దవాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. లింగప్ప అందరికంటే గట్టిగా నవ్వాడు. "పెద్దమ్మా, నీ రాయి బడి బెల్లయిపాయ గదే! ఇంగ నీ గొర్రెలు పలక పట్టుకోని బడికి పోతాయేమో చూడు!"

నేను లేచి వరండాలోకి వచ్చాను. దూలానికి తాడుతో వేలాడుతూ మూరెడు రైలు పట్టా కనిపించింది. నా అలమరలో ఉన్నదానికి తోబుట్టువు. కోసిన అంచు కూడా అదే. హెడ్‌మాస్టరు నా వెనకే వచ్చి, "కరెంటు బెల్లు మూడుసార్లు చెడిపోయింది సార్. ఇది మాత్రం మీ తాతగారు బడికి ఇచ్చిన కాణ్ణుంచి ఒక్కదినమూ చెడలేదు," అన్నాడు మర్యాదగా.

తర్వాత హంపమ్మ వచ్చింది. ఆమె నవ్వలేదు.

"నువ్వు మేడింటి మనవడివి గదప్పా?"

"అవును."

"ఆ సద్దు పిల్లోళ్ళు బడిది అనుకున్యారు. నాకు తెల్సు. అది మీ వాకిట్లో కొట్టేది. అది ఇనపడితే మా యమ్మ చంకలో ఉండే నన్ను దించేసి పరిగెత్తేది." దూలానికున్న పట్టా వైపు వేలు చూపించింది. "చెయ్యి నాది పెట్టినావు, గంట మీది పెట్టినావు. ఏం, నా రాయికి గొంతు ల్యాదా?"

ఇన్నేళ్ళ వృత్తిలో నా శబ్దాన్ని ఎవరూ తప్పు పట్టలేదు. "లేకేం, ఉంది. నేనే పట్టలేకపోయాను," అన్నాను.

తిరుగు ప్రయాణంలో జీపులో నందినికి పట్టా సంగతంతా చెప్పాను. బళ్ళారి దీపాలు కనిపించాక, "సార్, ఇంకేమైనా మార్చారా?" అంది. లేదన్నాను. "కావాలంటే నేను తప్పుకుంటాను, వేరే వాళ్ళను పెట్టుకో," అన్నాను.

"మీరు తప్పుకుంటే ఆ రాయి శబ్దం వచ్చేస్తుందా సార్?" అంది. కోపంగా అనలేదు. అందుకే ఆ మాట బాగా తగిలింది.

మర్నాడే బస్సెక్కి హంపమ్మ దగ్గరికి ఒంటరిగా వెళ్ళాను. ఆమె గుడిసె నీడలో కూర్చుని గొర్రెకాలిలో ముల్లు తీస్తోంది. ఇంకొక్కసారి రాయి కొడతావా అని అడిగాను.

"అమావాస్య మాపటికి మంద లింగప్ప దొడ్లోకి పోతాది. వాని చేతికి తాడిచ్చినాక నేను పిలవకూడదు. ఒకరి మందను ఇంగొకరు పిలిచేది మాలో ల్యాదు," అంది. ముల్లు బయటికి వచ్చింది. గొర్రెను వదిలింది. "అమావాస్య పొద్దున అయితే కొడ్తా. ఒగసారే. ఆ కంకర మిషను నోరు నువ్వు మూపియ్యి. నన్ను కొండెక్కిచ్చేది ఎట్లనో అదీ నువ్వే చూసుకో. మీతో ఎక్కినప్పటి నుంచి నా మోకాళ్ళు నా మాట ఇనవు, మందను లింగప్పే తోల్తాండాడు."

అమావాస్యకు తొమ్మిది రోజులుంది. నేను నేరుగా కంకర మిషన్ దగ్గరికి నడిచాను. దారి పొడుగునా ఒకే వాక్యాన్ని మనసులో సరిచేసుకుంటూ పోయాను. వీరేశప్ప ఆఫీసు ఒక రేకుల గది. అతనికి నలభై అయిదేళ్ళు ఉండవచ్చు. నన్ను చూసి లేచాడు.

"ఎవురు, మేడింటి అప్పగారా? రాండి, రాండి. కూసోండి. ఏయ్, ఆ కుర్చీ మీద దుమ్ము దులుపు!"

నేను కూర్చోలేదు. "ఒక అరగంట మీ మిషన్ ఆపాలి. అడగడానికి వచ్చాను," అన్నాను. అనుకున్న వాక్యం ఇంకా పొడుగ్గా ఉండేది. నోట్లోంచి అంతే వచ్చింది.

వీరేశప్ప నన్ను ఒక్క క్షణం చూసి గట్టిగా నవ్వాడు. "ఇంతేనా? మీరు నడ్సుకుంటా వచ్చేది చూసి, పాత భూమి కేసు ఏమన్నా మల్లా తెర్సినారేమో అనుకుంటి!"

"లేదు. ఆ కేసులు చచ్చిపోయాయి. అమావాస్య రోజు పొద్దున హంపమ్మ రాయి కొడుతుంది. దాన్ని రికార్డు చెయ్యాలి."

"అమావాస్యనా?" అతను నుదురు కొట్టుకున్నాడు. "అప్పా, అమావాస్య పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా మా మిషను మూగదే! ఇంజన్లకు పూజ. నెలనెలా ఉండేదే. ఊర్లో ఎవుర్ని అడిగినా చెప్తాండిరి గదా!"

అప్పుడు కూర్చున్నాను. మేము మొదట కొండ ఎక్కింది పోయిన అమావాస్యకు సరిగ్గా రెండు రోజుల ముందు. ఊళ్ళో ఎవరినైనా ఒక్క మాట అడిగి ఉంటే రెండు రోజులు ఆగేవాళ్ళం. నేను ఎవరినీ ఏదీ అడగని మనిషిని. నెలనెలా ఊరందరికీ ఊరికే దొరికే నిశ్శబ్దం నాకు దొరకకుండా పోయింది.

టీ వచ్చింది. వీరేశప్ప తన గ్లాసు ఊదుకుంటూ అన్నాడు. "మీరు ఆ పొద్దు కొండమీద కర్ర పట్టుకోని నిల్చోనిండేది ఈణ్ణుంచి చూసినా. మా నాయన ఉండింటే పరిగెత్తుకోని వచ్చిండేటోడు, ఏం కావాల్నని. నేను, 'కావాల్సింటే వాళ్ళే వచ్చి అడుగుతార్లే' అని కూసుంటి. నాకూ కొంచెం బిగువే అనుకోండి."

"మీ నాన్న నన్ను బండిలో బడికి తీసుకెళ్ళేవాడు," అన్నాను.

"ఎరుకే. దినమ్మూ చెప్తాండె. చిన్నప్ప దారంతా ఎద్దుల గంటలు లెక్కపెడ్తాండె అని."

ఆ సంగతి నాకే గుర్తు లేదు. గ్లాసు ఖాళీ చేసి, హంపమ్మ మోకాళ్ళ సంగతి చెప్పాను. ఒకసారి అడిగాక రెండోది అడగడం ఏమంత కష్టంగా లేదు.

"మా రోడ్డు ఆ రాయికి యాభై అడుగుల దాకా ఉండాది. జీపు పంపిస్తా. ఆ పక్క మాకు లీజు ల్యాదు, ఆ రాయిని ఎవురూ ముట్టరు. పూజలో గంట కొడ్తాము గదా, దానికేం చేద్దాము? సరే, రాయి ఇనపడినాకనే హారతి. పూజారికి నేను చెప్తా."

అమావాస్య పొద్దున హంపమ్మ జీపులో ముందు సీట్లో కూర్చుని కొండ ఎక్కింది. దారంతా డ్రైవరును "మెల్లగప్పా, నేను కంకర గాదు" అని తిడుతూనే ఉంది. చివరి యాభై అడుగులు నా భుజం పట్టుకుని నడిచింది. నందిని, కెమెరా అతను అంతకు ముందే వచ్చి ఉన్నారు. లింగప్ప కూడా వచ్చాడు. నవ్వడానికే వచ్చానని తనే చెప్పాడు.

ఎనిమిది దాటి అయిదు నిమిషాలకు కింద మిషన్ ఆగింది. ఆగిన తర్వాతే అది ఎంత రొద చేసేదో తెలిసింది. నేను అందరినీ కదలకుండా ఉండమన్నాను. ఏ చోటికైనా దానిదైన ఒక నిశ్శబ్దం ఉంటుంది. పని మొదలుపెట్టే ముందు దాన్ని ఒక నిమిషం రికార్డు చేసుకుంటాం. దాన్ని రూమ్ టోన్ అంటారు, అది గది కాకపోయినా సరే. హెడ్‌ఫోన్ హంపమ్మ చెవులకు పెట్టాను. ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"ఓయమ్మా! ఇంత సద్దు ఉండాదా కొండలో?" అంది గుసగుసగా. "ఏదో నముల్తాంది..."

"నీ గొర్రె. అదిగో, అంత దూరంలో ఉంది."

"ఎర్రదే అది. దాని నమలుడు నాకు తెల్సు," అని హెడ్‌ఫోన్ తీసి నాకిచ్చింది. రాయి పక్కన కూర్చుని, చేతిలోకి ఒక గుండ్రాయి తీసుకుంది. నా వైపు చూసింది. తల ఊపాను.

రెండు దెబ్బలు. ఆగింది. మూడోది.

అప్పుడు నాకు మా ఇంటి రైలు పట్టాకూ దానికీ తేడా తెలిసింది. శ్రుతి కలిసిందని నేను సంబరపడ్డాను గానీ, కలిసింది అదొక్కటే. పట్టా ఒక మాట గట్టిగా అని ఊరుకుంటుంది. రాయి ఒక మాట అన్నాక కాసేపు ఆలోచిస్తుంది. మోత సన్నబడుతున్న కొద్దీ రాయి అడుగునున్న డొల్లలోంచి ఇంకొక బొంగురు శబ్దం లేచి దాన్ని కలుపుకుంది. దాని వెనకే తుప్పలు కదిలిన చప్పుడు, గిట్టల కింద జారిన రాళ్ళ చప్పుడు, ఒక పిల్ల అరుపు. మంద వచ్చేసింది. హంపమ్మ కొంగు విప్పి ఉప్పు పెట్టింది. వాటికి ఆమె చేతి మీద అదే చివరి ఉప్పు. ఎర్ర గొర్రె మెడ కింద ఆమె వేళ్ళు కొంచెం ఎక్కువసేపు ఆగాయి.

అప్పుడు కింద నుంచి హారతి గంట మొదలైంది. వీరేశప్ప మాట నిలబెట్టుకున్నాడు. ఆ గంటను నేను కొయ్యలేదు. ఇప్పటికీ చిత్రంలో రాయి మోత ఆరిపోయిన చోట లీలగా వినిపిస్తుంది.

రెండోసారి కొట్టమని నేను అడగలేదు.

లింగప్ప మాత్రం ఊరుకోలేదు. "చూసినారా సార్, ఉప్పుకే వచ్చినాయి," అన్నాడు. హంపమ్మ అతని చేతికి తాడిచ్చి, "నీ ఇష్టం నాయనా. విజిలేసుకో," అంది. ఆమె గొంతులో నమ్మకం పోయిన అలసట ఉంది. చిత్రంలో రాయి బతుకుతుంది, కొండ మీద బతకదు అని ఆమెకు అర్థమైనట్టు నాకనిపించింది.

బడులు తెరిచాక మళ్ళీ అదే గదిలో, అదే గోడ మీద చిత్రం చూపించాం. ఈసారి మంచి స్పీకర్లు నేనే మోసుకెళ్ళాను. గాలి ఆడక చస్తున్నామని పిల్లలు గొడవ చేస్తే వెనక కిటికీలకు గోనెపట్టాలు తీసేశారు. వీరేశప్ప తలుపు దగ్గర నిలబడ్డాడు. హంపమ్మ వెనక బెంచీ మీద కూర్చుంది. ముందు కుర్చీ వద్దంది.

ఆమె చెయ్యి పైకి లేచింది. రాయి మోగింది. రెండు, ఆగి, ఒకటి. నేను గోడ మీద బొమ్మను చూడలేదు. ముందు వరసనే చూస్తున్నాను. ఒక్క పిల్ల కూడా లేవలేదు. కిందటిసారి సంచి తగిలించుకున్న పాప గడ్డం కింద చేతులు పెట్టుకుని కూర్చుంది. నాకు అది చాలనిపించింది.

అప్పుడు బయట కంప విరిగిన చప్పుడైంది.

లింగప్ప దొడ్డి బడికి వెనకే ఉంది. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు గానీ ఎవరూ ఆలోచించలేదు. మొదట ఎర్ర గొర్రె వరండా ఎక్కింది. దాని వెనక ఇంకో నాలుగు. వాటి వెనక మందంతా. కంప ముళ్ళు ఉన్నికి అంటుకుని ఉండగానే తోసుకుంటూ తలుపులోకి వచ్చేశాయి. వీరేశప్ప గోడకు అతుక్కుపోయాడు. పిల్లలు బెంచీలెక్కి కేకలు. హెడ్‌మాస్టరు చాక్‌పీసు డబ్బా ఎత్తి పట్టుకున్నాడు. గొర్రెలు ఎవరినీ పట్టించుకోలేదు. స్పీకరు ముందు నిలబడి, మెడలు ఎత్తి, రాయి కోసం చూశాయి.

ఆ గదిలో ఉప్పు లేదు.

హంపమ్మ బెంచీ మీద నుంచి లేవకుండానే, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "ఏం సార్," అంది హెడ్‌మాస్టరుతో, "అన్నీ బడికొచ్చినాయి. హాజరు ఏసుకోండి!"

లింగప్ప గొర్రెల మధ్య నిలబడి ఒకసారి స్పీకరును, ఒకసారి పెద్దమ్మను చూశాడు. "పెద్దమ్మా, రెండు కొట్టి ఎంతసేపు ఆగల్ల?" అని అడిగాడు.

"మూడోది కొట్టల్ల అని చెయ్యి లాగుతాది. అప్పుడు ఇంగ కొంచేపు ఆగల్ల," అంది.

ఈ వ్యవహారం నాకు నేర్పింది చిన్న సంగతే. మైకు ఎక్కడ పెట్టాలో తెలిసినంత మాత్రాన శబ్దం పట్టే వాడి పని పూర్తి కాదు. చుట్టూ ఉన్న చప్పుడు ఎవరిదో కనుక్కుని, వాళ్ళ గడప దగ్గరికి వెళ్ళి, కాసేపు ఆపమని అడగడం కూడా ఆ పనిలో భాగమే. ఇప్పుడు ఏ ఊళ్ళో షూటింగు ఉన్నా ఒక రోజు ముందు వెళ్తాను. పిండి మిల్లు వాణ్ణి, మైకుసెట్టు వాణ్ణి, ట్రాక్టరు వాణ్ణి కలుస్తాను. నిటారుగానే నిలబడి అడుగుతాను. ఇప్పటి వరకు ఎవరూ కాదనలేదు. టీ మాత్రం చాలా తాగాల్సి వస్తోంది.

వర్షాలు మొదలయ్యాక ఒక సాయంత్రం వీరేశప్ప ఫోన్ చేశాడు. నేను ఎత్తగానే ఫోనును కిటికీలోంచి బయట పెట్టాడు. కొండ మీద నుంచి రెండు దెబ్బలు, ఆ తర్వాత మూడోది వినిపించాయి. మధ్యలో ఆగింది కొంచెం తక్కువే. లింగప్ప నేర్చుకుంటాడు.

రైలు పట్టా నా అలమరలోనే ఉంది. దుమ్ము పడకుండా తుడుస్తుంటాను. మంచి మోత దానిది. బడి గంట కావాలని ఎవరైనా అడిగితే వాడతాను.